ఇంటి పట్టున నాడీశాస్త్రం: ఏది సంకేతం, ఏది రొద

మన విజ్ఞాన ప్రదర్శనల్లో ఊపిరితిత్తులు బెలూన్ల రూపంలో ఉబ్బుతాయి, అగ్నిపర్వతాలు వంటసోడాతో పొంగుతాయి. మెదడు మాత్రం థర్మాకోల్ ముద్దగా కదలకుండా కూర్చుంటుంది. గుండుసూదులకు చీటీలు గుచ్చి మస్తిష్కం, అనుమస్తిష్కం అని పేర్లు పెడతారు. పక్కన నిలబడ్డ పిల్ల గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతుంది. నరాల్లో సంకేతం ఎంత వేగంతో పోతుందో చదివినవాళ్లు మనలో కొందరుంటారు. కొలిచి చూసినవాళ్లు ఎక్కడో గానీ తగలరు.

కొలవడం కష్టం కాబట్టి ఇలా జరుగుతోందనడానికి ఇప్పుడు వీల్లేదు. ఇంట్లోనో బడిలోనో చేసుకోదగిన నాడీశాస్త్ర ప్రయోగాలు గత పదిహేనేళ్లుగా ఒక చిన్న ఉద్యమంలా పెరిగాయి. కొన్నింటికి స్కేలు చాలు, కొన్నింటికి కొన్ని వేల రూపాయల పరికరం కావాలి. వాటిలో శాస్త్రం నేర్పేవి ఉన్నాయి, తమాషా చూపేవి ఉన్నాయి, దగ్గరికి పోకూడనివీ ఉన్నాయి. వాటిని విడదీసి చూడటం ఈ వ్యాసం పని. నా తూకపు రాయి ఏదో ముందే చెబుతాను. పరికరం ఖరీదు కాదు, దాని హంగు కాదు. తెర మీద ఊగుతున్న గీత నరానిదా, గోడలోని కరెంటు తీగదా అని తేల్చుకునే దారి ప్రయోగంలో ఉందా లేదా అన్నదే నేను చూస్తాను.

అసలు ఈ శాస్త్రం పుట్టిందే ఆ తగాదాతో. ఇటలీలోని బొలోన్యాలో లూయీజీ గాల్వానీ కప్ప కాళ్లకు లోహాలు తగిలించి, అవి అదిరిపడటం చూసి, జంతువుల ఒంట్లోనే విద్యుత్తు ఉందని 1791లో ప్రకటించాడు. ఆ విద్యుత్తు కప్పది కాదు, నువ్వు తగిలించిన రెండు లోహాలదని అలెస్సాండ్రో వోల్టా అడ్డం తిరిగాడు. ఆ వాదం నెగ్గించుకునే ప్రయత్నంలోనే 1800లో బ్యాటరీ తయారు చేశాడు. ఇద్దరూ సగం సగం ఒప్పు. యాభై ఏళ్ల తర్వాత హెల్మ్‌హోల్ట్జ్ కప్ప నరంలో సంకేతం వేగం కొలిచాడు. అది మెరుపంత వేగంగా పోతుందని, కొలతకు అందదని పెద్దలు అనుకుంటున్న రోజుల్లో, సెకనుకు సుమారు 27 మీటర్లని తేల్చాడు. 1926లో కేంబ్రిడ్జ్‌లో ఎడ్గార్ ఏడ్రియన్, ఇంగ్వే జోటర్‌మన్ ఒకే ఒక్క నాడీతంతువు సంకేతాలను పట్టుకున్నారు. ఒత్తిడి పెరిగితే సంకేతం పెద్దది కాదు, గబగబా ఎక్కువసార్లు వస్తుంది, అంతే. ఏడ్రియన్ తర్వాత ఆ సంకేతాలను లౌడ్‌స్పీకరులో వినిపించాడు. 1932లో నోబెల్ అందుకున్నాడు.

ఆ లౌడ్‌స్పీకరు చప్పుడే నేటి ఇంటి ప్రయోగాలకు ప్రాణం పోసింది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థులుగా ఉన్న గ్రెగ్ గేజ్, టిమ్ మార్జులో తమ ల్యాబులో వేల డాలర్ల యంత్రాలు చేసే పనిని చవకగా చేయవచ్చని పంతం పట్టారు. 2009లో బ్యాక్‌యార్డ్ బ్రెయిన్స్ అనే సంస్థ పెట్టి, స్పైకర్‌బాక్స్ అనే చిన్న పెట్టె తెచ్చారు. బొద్దింక కాలికి రెండు సూదులు గుచ్చి కాలి మీది ముల్లును పుల్లతో తాకితే, పెట్టెలోంచి పటపటమని నాడీకణాల చప్పుడు వినిపిస్తుంది. దాని డిజైనును, తరగతి గదిలో వాడిన అనుభవాన్ని 2012లో ప్లాస్ వన్ పత్రికలో అందరికీ అందుబాటులో పెట్టారు. అసలు మెచ్చుకోవలసింది ఈ బయటపెట్టడాన్నే.

అయితే పెట్టె కొనే ముందు ఖర్చు లేనివి చేసి చూడాలి. ఉద్యమం వీటిని చిన్నచూపు చూసిందనే నా ఫిర్యాదు.

కింద పడుతున్న కర్రను పట్టుకునే కృత్యం మన పదో తరగతి జీవశాస్త్రంలోనే ఉంది. దాన్ని ఆటగా ఆడించి వదిలేస్తారు. కర్ర బదులు స్కేలు పెట్టి, పడిన దూరాన్ని సమయంగా మారిస్తే అది ప్రయోగమవుతుంది. పది సెంటీమీటర్లకు 0.14 సెకన్లు, ఇరవైకి 0.20, ముప్ఫైకి 0.25. స్వేచ్ఛగా పడే వస్తువు సూత్రం తొమ్మిదో తరగతి పిల్లలకు తెలిసిందే. కళ్లతో చూసి పట్టుకున్నప్పుడు ఎంత, కళ్లు మూసుకుని 'ఇప్పుడు' అన్న మాట విని పట్టుకున్నప్పుడు ఎంత? చెవి సాధారణంగా కంటికంటే త్వరగా స్పందిస్తుంది. ఎందుకన్న ప్రశ్న పిల్లల్ని నేరుగా రెటీనా లోపలికి తీసుకుపోతుంది: వెలుగును విద్యుత్తుగా మార్చే రసాయనిక పనికి అక్కడ కొంత సమయం పడుతుంది. కొత్త అయిదు వందల నోటుతో పందెం కూడా కాయవచ్చు. దాని పొడవు 15 సెంటీమీటర్లు. నోటు మధ్యభాగం దగ్గర వేళ్లు ఉంచి వదిలితే పట్టుకోవడానికి ఉన్న గడువు 0.12 సెకన్లే. ముందే ఊహించి వేళ్లు మూస్తే తప్ప దొరకదు. పందెం కాసినవాడి డబ్బు భద్రం.

ఇంకొంచెం ఓపికుంటే హెల్మ్‌హోల్ట్జ్ పనే తరగతిలో చేయవచ్చు. ఇరవై మందిని వరసలో కూర్చోబెట్టి, ఒక్కొక్కరూ ముందున్నవాళ్ల భుజం పట్టుకోవాలి. మొదటివాళ్లు నొక్కగానే తర్వాతివాళ్లు నొక్కాలి. చివరివరకు చేరడానికి ఎంత పట్టిందో సెల్‌ఫోన్ స్టాప్‌వాచ్‌లో చూడాలి. తర్వాత భుజం బదులు చీలమండ పట్టుకోవాలి. సంకేతం ఈసారి ఒక్కొక్కరిలో సుమారు 1.2 మీటర్లు అదనంగా ప్రయాణిస్తుంది. నరం వేగం సెకనుకు 50 మీటర్లనుకుంటే ఇరవై మందికి దాదాపు అర సెకను తేడా రావాలి. మొదటి రెండు మూడు సార్లు రాదు, పిల్లలు నవ్వుతూ ఉంటారు గనుక. పదిసార్లు చేసి సగటు తీస్తే కనిపించడం మొదలవుతుంది. ఆ సగటు తీయాల్సి రావడమే ఇక్కడి అసలు పాఠం. సంకేతం ఉంది, దాని మీద రొద ఉంది, రొదను తగ్గించడానికి ఉన్న మార్గాల్లో మళ్లీ మళ్లీ కొలవడం మొదటిది.

జామెట్రీ బాక్సులోని డివైడర్ మరో సాధనం. రెండు మొనలను కొద్ది దూరంలో ఉంచి చర్మానికి ఆనించి, ఒకటి తగిలిందా రెండా అని అడగాలి. వేలి కొసన రెండు మూడు మిల్లీమీటర్ల దూరాన్ని కూడా పసిగడతాం. వీపు మీద నాలుగు సెంటీమీటర్లున్నా ఒకటే అనుకుంటాం. 1834 నాటికే ఎర్నెస్ట్ వెబర్ దీన్ని పట్టికలుగా రాసి పెట్టాడు. అంధచుక్కను వెతకడం, గుర్తులు గీసి దాని ఆకారాన్ని కాగితం మీద పటంగా వేయడం కూడా ఒక మధ్యాహ్నం పని. మెదడు ఆ ఖాళీని చుట్టూ ఉన్నదానితో నింపేస్తుందని అప్పుడు నమ్మకం కుదురుతుంది. చెన్నై స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదివిన వి.ఎస్. రామచంద్రన్ 1990ల్లో చేసిన పని అన్నింటికీ తలమానికం. చెయ్యి తెగిపోయినా లేని చేతిలో నొప్పి ఉందనే వాళ్లకు, ఒక అట్టపెట్టె మధ్యలో నిలువుటద్దం పెట్టి, ఉన్న చేతి ప్రతిబింబాన్ని లేని చేతి స్థానంలో కనబడేలా చేశాడు. కొందరికి బిగుసుకున్న 'చెయ్యి' విడిచినట్టయింది. మెదడు తన ఒంటిని గురించి వేసుకున్న లెక్కను అంత చవకైన సామాను సవరించగలదని చూపిన ప్రయోగం అది. అద్దం పెట్టెను ఇంట్లో చేసుకుని మన రెండు చేతులతోనే ఆ వింత అనుభూతిని కొంతవరకు చూడవచ్చు.

మన పిల్లలకు ప్రత్యేకంగా సరిపోయే ప్రయోగం ఒకటుంది. 'ఎరుపు' అన్న మాటను నీలం సిరాతో రాసి, మాట చదవకుండా సిరా రంగు చెప్పమంటే నాలుక తడబడుతుంది. 1935లో జె. రిడ్లీ స్ట్రూప్ చూపిన విషయమిది. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లకు తెలుగు మాటల దగ్గర తడబాటు ఎక్కువా, ఇంగ్లిష్ మాటల దగ్గరా? ఇంగ్లిష్ మాధ్యమం పిల్లవాడికి? ఉర్దూ కూడా చదవగల హైదరాబాదీ పిల్లలకు? మూడు జాబితాలు, ఒక స్టాప్‌వాచ్ చాలు. రెండు మూడు భాషలు మాట్లాడే సమాజం నాడీశాస్త్రానికి ఎంత విలువైన ప్రయోగశాలో హైదరాబాదు నిమ్స్‌లో జరిగిన అధ్యయనం ఒకటి చూపింది. సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, ఒకే భాష వచ్చినవాళ్లకంటే ఒకటికి మించి వచ్చినవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రకటించింది. బళ్లో చేసే స్ట్రూప్ పరీక్ష దాని దరిదాపుల్లోకి రాదు. కానీ ప్రశ్న మన ఇంట్లో ఉన్నదే.

ఇక జంతువుల సంగతి. కప్ప జోలికి పోకూడదు. కప్ప కాళ్ల ఎగుమతిని మన ప్రభుత్వం 1987లోనే నిషేధించింది. డిగ్రీ ప్రయోగశాలల్లో జంతువుల కోతలు మానేయమని యూజీసీ 2014లో స్పష్టంగా చెప్పింది. మిగిలింది బొద్దింక, వానపాము. ఇంటర్ జువాలజీలో బొద్దింక మనకు పాత చుట్టమే. స్పైకర్‌బాక్స్ పద్ధతిలో దాన్ని మంచునీళ్లలో ముంచి, కదలిక ఆగాక ఒక కాలు తీసి వాడతారు. ఎదిగే దశలో ఉన్న బొద్దింకకు కాలు తిరిగి మొలుస్తుంది. వానపామునైతే కోయనక్కరలేదు. కొద్దిగా సారా కలిపిన నీళ్లలో మత్తెక్కించి, చర్మం మీదినుంచే దాని పెద్ద నాడీతంతువుల సంకేతాన్ని పట్టవచ్చు. తలవైపు తాకితే ఒక తంతువు, తోకవైపు తాకితే మరొకటి పలుకుతాయి, రెండింటి వేగాలూ వేరు. నేర్చుకోవడానికి బొద్దింక కాలికంటే ఇదే మెరుగని నా ఉద్దేశం. ఇక్కడ కొలవడానికి ఏదో ఉంది, అక్కడ వినడమే ఎక్కువ.

2013లో వచ్చిన రోబోరోచ్ మీద మాత్రం విమర్శలు న్యాయమే. బొద్దింక వీపు మీద సర్క్యూట్ అతికించి, మీసాలకు తీగలు కలిపి, ఫోనుతో కుడి ఎడమలకు తిప్పే ఆట వస్తువది. కొద్ది నిమిషాల్లోనే బొద్దింక ఆ కరెంటుకు అలవాటు పడి మాట వినడం మానేస్తుంది. శాస్త్రపరంగా ఆసక్తికరమైన భాగం ఆ అలవాటే, కానీ పిల్లలు గుర్తుంచుకునేది రిమోట్‌ను. పురుగుకు నొప్పి తెలుస్తుందా అన్న చర్చ ఇంకా తెగలేదు. తెగనప్పుడు ఆట కోసం చేయకపోవడమే మర్యాద.

ఆ బెడద లేని జీవి మన పొలం గట్టున ఉంది. అత్తిపత్తి. ఆకు కొసను తాకితే ముడుచుకోవడం జతలు జతలుగా కాడ వైపు సాగుతుంది. అది విద్యుత్ సంకేతమే. వేగం సెకనుకు కొన్ని సెంటీమీటర్లు, అంటే స్కేలు పక్కన పెట్టి సెల్‌ఫోనులో వీడియో తీసి ఒక్కొక్క ఫ్రేమూ లెక్కపెట్టుకోవచ్చు. కోల్‌కతాలో జగదీశ్ చంద్ర బోస్ తాను స్వయంగా చేయించిన పరికరాలతో దీన్ని కొలిచాడు. మొక్కకూ నాడీవ్యవస్థ లాంటిది ఉందన్న ఆయన మాటను తర్వాతివాళ్లు ఒప్పుకోలేదు, విద్యుత్ సంకేతాలను మాత్రం ఒప్పుకోక తప్పలేదు. 2014లో మోనికా గాలియానో బృందం కుండీని పదే పదే 15 సెంటీమీటర్ల ఎత్తునుంచి కింద పడేలా చేస్తే అత్తిపత్తి ముడుచుకోవడం మానేసిందని, దాన్ని వారాల తరబడి గుర్తుంచుకుందని ప్రకటించింది. అది నేర్చుకోవడం కాదు, అలసట అని మిగతావాళ్లు అభ్యంతరం చెప్పారు. ముడవడం మానేసిన మొక్కను వేరే రకంగా, వేలితోనో ఊపుతోనో కదిపి చూస్తే రెండింటిలో ఏదో కొంత తేలుతుంది. పెరట్లో మొక్క ఉన్న ఏ పల్లెటూరి పిల్లైనా ఈ చర్చలో పాల్గొనవచ్చు.

ఇప్పుడు ఎలక్ట్రోడ్ల దగ్గరికి వద్దాం. ఒంటి మీద అతికించి తీసే సంకేతాల్లో గుండెది ఒక మిల్లీవోల్టు వరకు, కండరాలది గట్టిగా బిగిస్తే అంతకంటే ఎక్కువ, మెదడుది నెత్తి మీద చేరేసరికి మిల్లీవోల్టులో పదో వంతుకు కూడా అందదు. ఈ ఒక్క వాక్యంలోనే ఏది ముందు కొనాలో ఉంది. కండరంతో మొదలు పెట్టాలి. సర్జికల్ షాపుల్లో దొరికే ఈసీజీ ఎలక్ట్రోడ్లు మూడు, మన దేశంలోనే అప్‌సైడ్ డౌన్ ల్యాబ్స్ తయారు చేసే బయోఆంప్ లాంటి చిన్న బోర్డు, ఒక ఆర్డుయినో సరిపోతాయి. పిడికిలి మెల్లగా బిగిస్తే మొదట చిన్న చప్పుళ్లు, గట్టిగా బిగించేకొద్దీ పెద్దవి వచ్చి కలుస్తాయి. చిన్న కండర తంతువుల జట్లు ముందు పనిలోకి దిగి, పెద్దవి తర్వాత దిగుతాయన్నది పుస్తకంలో సూత్రం. ఇక్కడ చెవికి వినిపిస్తుంది. బజారులో చవకగా దొరికే ఏడీ8232 బోర్డు గుండె కోసం చేసింది. మామూలుగా అమ్మే రూపంలో అది 40 హెర్ట్జ్ పైన ఉన్నదాన్ని కోసేస్తుంది, కండరం మాట్లాడేదే ఎక్కువగా ఆ పైన. కండర ప్రయోగానికి దాన్ని కొని నిరాశపడకండి.

అటల్ టింకరింగ్ ల్యాబులు దేశంలో పది వేలకు పైగా బడుల్లో ఉన్నాయి, ఒక్కొక్కదానికి ఇరవై లక్షల వరకు గ్రాంటు ఉంది. వాటిలో ఆర్డుయినోలు ఉన్నాయి, సెన్సర్లు ఉన్నాయి. చెత్తబుట్ట మూత తెరవడానికి వాడుతున్న ఆ సామానుకు ఒక బయోఆంప్ జోడిస్తే జీవశాస్త్రం టీచరుకు కూడా ఆ గదిలో పని దొరుకుతుంది.

రెండు జాగ్రత్తలు మాత్రం మీరకూడనివి. ఒంటికి ఎలక్ట్రోడ్లు ఉన్నంతసేపు ల్యాప్‌టాప్ చార్జర్ పీకేసి ఉండాలి, బ్యాటరీ మీదే నడవాలి. ఇంట్లో తీసిన ఈసీజీ చూసి ఎవరికీ జబ్బు అంటగట్టకూడదు. ఇవి కాక ఒక చిన్న చిరాకు ఉంది. అమెరికా కిట్లు, వాటి ప్రోగ్రాములు అక్కడి 60 హెర్ట్జ్ కరెంటు రొదను వడగట్టేలా ఉంటాయి. మన కరెంటు 50. ఆ అంకె మార్చకపోతే తెర నిండా అందమైన అలలు వస్తాయి, అన్నీ ట్రాన్స్‌కోవి.

మెదడు తరంగాల దగ్గరే ఉద్యమం ఎక్కువ వాగ్దానం చేసి తక్కువ ఇచ్చింది. 1924లో హాన్స్ బెర్గర్ మనిషి మెదడు తరంగాలు నమోదు చేసి 1929లో ప్రచురిస్తే చాలామంది నమ్మలేదు. 1934లో ఏడ్రియన్, మాథ్యూస్ అదే చేసి చూపాక నమ్మారు. వాళ్లు చూపిన ప్రయోగమే నేటికీ ఇంట్లో చేయదగినది: తల వెనక ఎలక్ట్రోడ్లు పెట్టి కళ్లు మూసుకుంటే సెకనుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు ఊగే ఆల్ఫా అల వస్తుంది, తెరిస్తే పోతుంది. వస్తూ పోతూ ఉండటమే అది రొద కాదనడానికి సాక్ష్యం. తలకు కొబ్బరినూనె పెట్టుకుని కూర్చుంటే మాత్రం ఏదీ రాదు; ముందు తలస్నానం చేయించాలి. అంతకు మించిన కోరికలతో ఓపెన్‌బీసీఐ లాంటి పరికరాలు కొన్నవాళ్లకు చాలాకాలం దక్కేది కనురెప్పల, దవడల కండరాల సంకేతాలే. 'మనసుతో నడిచే బండి' అని ప్రదర్శనల్లో పెట్టేవాటిని కాస్త గమనించండి, నడిపేవాళ్లు గట్టిగా రెప్పలార్పుతూ ఉంటారు. రెప్పతో నడిచే బండి కూడా మంచి ప్రాజెక్టే, పక్షవాతం వచ్చినవాళ్లకు అక్కరకొచ్చేది. దాన్ని ఆ పేరుతోనే పిలవాలి.

ఈ పొరపాటు పెద్దవాళ్లదీనూ. 1970ల్లో కెనడా వైద్యుడు ఏడ్రియన్ అప్టన్ ఒక జెల్లీ ముద్దకు మెదడు తరంగాలు పట్టే ఈఈజీ తీగలు తగిలిస్తే ఆసుపత్రి యంత్రాల రొద వల్ల బతికున్న మెదడు లాంటి అలలు వచ్చాయి. క్రెయిగ్ బెన్నెట్ బృందం చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి మనుషుల బొమ్మలు 'చూపిస్తే', సరైన గణాంక జాగ్రత్త లేకపోతే దాని మెదడులోనూ చురుకుదనం కనబడింది. వాళ్లకు 2012లో ఇగ్ నోబెల్ ఇచ్చారు. కిట్టు కొన్న ప్రతి బడీ మొదట చేయవలసింది ఇదే: తడిపిన స్పాంజికో పుచ్చకాయకో తీగలు తగిలించి ఏం వస్తుందో చూసి, నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోవడం.

దగ్గరికి పోకూడనివీ ఉన్నాయన్నాను. తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నెత్తి మీద కరెంటు పంపి తెలివి పెంచుకునే పద్ధతిని వీడియోలు చూసి చేసుకునేవాళ్లున్నారు. ఆ పరిశోధనలో ఉన్న శాస్త్రవేత్తలే 2016లో యానల్స్ ఆఫ్ న్యూరాలజీలో బహిరంగ లేఖ రాసి హెచ్చరించారు: కరెంటు మనం అనుకున్న చోటికే పోదు, ఒక పనిలో లాభం కలిగితే మరొకదానిలో నష్టం కలగవచ్చు, ఎదిగే మెదడు సంగతి చెప్పలేం. ఒంటి నుంచి సంకేతం తీసుకోవడం వేరు, తలలోకి పంపడం వేరు. విద్యార్థులు మొదటిదానితో ఆగాలి.

సామాను ఏదీ లేనివాళ్లకు కంప్యూటర్ ఉంది. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ 1952లో ఇచ్చిన సమీకరణాలను పైథాన్‌లో నడిపించి నాడీకణం ఎప్పుడు పేలుతుందో చూడవచ్చు. ఐవైర్ ఆటలో రెటీనా కణాల కొమ్మలకు రంగులు వేస్తూ నిజమైన పటం గీయడంలో సాయపడవచ్చు. మంచివే. అయితే వీటిలో రొద ఉండదు, లేదా మరెవరో ముందే వడగట్టి ఉంటారు. అందుకే వీటిని మొదటి మెట్టుగా సిఫారసు చేయలేను. బెంగళూరు వెళ్లే పని పడితే నిమ్హాన్స్‌లోని మెదడు మ్యూజియం మాత్రం పిల్లలకు చూపించండి. నిజమైన మెదడు చూశాక థర్మాకోల్ ముద్ద ఎవరికీ ఆనదు.

చివరగా తల్లిదండ్రులకు ఒక మాట. 'మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్' పేరుతో కళ్లకు గంతలు కట్టి పిల్లల చేత చదివించే శిబిరాలు మన ఊళ్లలోనూ వేల రూపాయల ఫీజుతో నడిచాయి. హేతువాదులు వాటి గుట్టు ఎన్నోసార్లు బయటపెట్టారు. మధ్య మెదడు పని చూపును, తలను శబ్దం వైపు తిప్పడం, కదలికలకు కావలసిన డోపమీన్ అందించడం వంటిది. గంతల గుండా చదవడం కాదు. పిల్లలు చదివేది ముక్కు పక్కన మిగిలే సందులోంచి. ఎవరైనా అలాంటి ప్రదర్శనకు పిలిస్తే వెళ్లండి. పుస్తకాన్ని ఒడిలో కాక నుదుటికి ఎదురుగా పట్టమనండి, లేదా గడ్డం కింద ఒక అట్టముక్క అడ్డం పెట్టించండి. చదవలేకపోతే కట్టిన ఫీజు వెనక్కి అడగండి.